అత్తయ్య మందుల గదికి తాళం

వదినకి,

నమస్కారాలు. మీరు, అన్నయ్యగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం లేచి తిరుగుతూ, ఎవరి పనులు వాళ్లం చేసుకుంటున్నాం. క్షేమంగా ఉన్నామని రాయబోయి కలం ఆపాను. ఆ మాట ఎంతవరకు నిజమో ఉత్తరం మొత్తం చదివాక మీరే అనుకోండి.

మీ ఉత్తరం అందింది. ఎంత నొక్కి రాశారో, అక్షరాలు కాగితం వెనక్కి పొడుచుకొచ్చాయి. కళ్లజోళ్ల షాపులో కూర్చుని చదువుకున్నాను. ఇది కూడా ఇక్కడే, కౌంటరు వెనక కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం పూట బేరాలుండవు, మా ఓనరు భోజనానికి వెళ్లి ఒక కునుకు తీసి కానీ రాడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారేమో. మన ఇల్లు మీకు తెలుసు. వంటింట్లో గుసగుసలాడితే వీధి గదిలో జవాబు వస్తుంది. ఇక నేను ఫోను పట్టుకుంటే అత్తయ్య పని మానుకుని మరీ వచ్చి పక్కన నిలబడుతుంది.

మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెప్తాను. చిట్టికి దగ్గు పూర్తిగా తగ్గింది. స్కూలుకి వెళ్తోంది, లెక్కల్లో మాత్రం వాళ్ల నాన్న పోలికే. మీ తమ్ముడు కోత మిల్లులోనే ఉన్నాడు, ఆదివారం తప్ప మిగతా రోజుల్లో చొక్కా నిండా రంపపు పొట్టుతోనే ఇంటికొస్తాడు. మాటలు మునుపటంత. అంటే మీకు తెలుసుగా, రోజుకి ఒక గుప్పెడు.

లాండ్రీ సోడాకి మీ చేతులు పగిలి నెత్తురొస్తున్నాయని రాశారు. చదివి బాధేసింది. మలాం డబ్బా ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదని అడిగారు. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. పడుకునే ముందు చేతులు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తుడిచి, పలచగా రాసుకోండి. మందంగా రాస్తే దుప్పటికి అంటుకుంటుంది, అందులోని పైన్ చెట్టు జిగురు మరక ఓ పట్టాన వదలదు. ఆ మాట లాండ్రీవాళ్లకి నేను చెప్పాలా!

ఇక అసలు ప్రశ్న. "అమ్మ మందుల గదికి తాళం వేశావట, నిజమేనా? ఆవిడ చేతిలోంచి గిన్నె లాక్కునే హక్కు నీకెవరిచ్చారు?" అని రాశారు. బేకరీ ఆవిడ మీకు చెప్పిందని కూడా రాశారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు వదినా. తాళం వేశాను. తాళంచెవి నా దగ్గరే, నా మెళ్లో గొలుసుకే ఉంది. ఆవిడ చూసిన రోజు ఏం జరిగిందో చెప్తాను.

పొయ్యిలోంచి రొట్టెల రేకు తీస్తూ బేకరీ ఆవిడ మణికట్టు కాల్చుకుంది. ఎప్పట్లాగే తిన్నగా మనింటికొచ్చింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, "ముందు చన్నీళ్లు ధారగా పోసుకో, ఆపకుండా. మలాం ఇప్పుడు కాదు, మంట పూర్తిగా చల్లారాక రేపు" అంది. ఎంత సరిగ్గా చెప్పిందో చూడండి. ఆ తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు. డబ్బా తీసి ఉంచుతాను."

"నేను తీసుకొస్తాలెండి అత్తయ్యా."

"నా గదిలోకి నేను వెళ్లడానికి నీ అనుమతేంటే? నువ్వు పుట్టకముందు నుంచీ నేను జిగురు కాస్తున్నాను."

"తెలుసు. కానీ ఇవ్వను."

"చూశావా తల్లీ," అని బేకరీ ఆవిడతో అంది, "నా కోడలు నన్ను నా ఇంట్లోనే దొంగని చేసింది." అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. బేకరీ ఆవిడ నన్ను చూసిన చూపుకి ఆ పూట నాకు భోజనం దిగలేదు. మర్నాటి నుంచి వీధిలో నేను వెళ్తుంటే మాటలు ఆగిపోతున్నాయి. రొట్టె కొనడానికి వెళ్తే పాచిపోయినదే నా సంచిలో పడుతోంది.

నా ఖర్మ అనుకుని ఊరుకునేదాన్ని. కానీ మీ ఉత్తరం చివర ఇంకో మాట రాశారు. వచ్చే నెల వచ్చి అమ్మని తీసుకుపోతాననీ, లాండ్రీ వెనక గది ఖాళీ చేయించాననీ, అక్కడ ఆవిడ మందులు ఆవిడే హాయిగా చేసుకుంటుందనీ, మీ వీధిలో దగ్గు లేని ఇల్లే లేదనీ. అది చదివాక ఇక దాచలేననిపించింది. అందుకే చెప్పనని మాటిచ్చిన సంగతి మీకు చెప్పబోతున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇంతసేపు డొంకతిరుగుడుగా రాశాను, ఏమనుకోకండి.

మీకు ఆవిడ వైద్యం ఎంతటిదో నేను వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు గుండెల్లో నెమ్ము చేరి మీరు ఊపిరాడక నీలంగా అయిపోతే, పైన్ ఆకుల ఆవిరి పట్టి, వీపు తడుతూ, హాస్పిటల్‌కి చేరేదాకా మిమ్మల్ని నిలబెట్టింది ఆవిడేనని మీరు ఎన్నిసార్లు చెప్పారో. నేను కోడలిగా వచ్చినప్పుడు నాకు ఆ గది వాసనే పడేది కాదు. తర్వాత్తర్వాత అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. వసంతంలో లేత చిగుళ్లు కోసి, సీసాలో ఒక వరస చిగుళ్లు, ఒక వరస చక్కెర వేసి, ఎండకి కిటికీలో పెట్టేది. అది కరిగి ఎర్రటి పాకమై ఊరేది. జిగురు కోసం ఏ చెట్టుకీ కత్తి పెట్టేది కాదు. "దాని దెబ్బకి అది రాసుకున్న మందు ఇది. కిందకి కారినంత మనది, దెబ్బ మీద ఉన్నది దానిది" అనేది. ఎవరికి ఇవ్వకూడదో కూడా అంత కచ్చితంగా తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లకి ఆకు కషాయం ఇచ్చేది కాదు. ఉబ్బసం వాళ్లని ఆవిరి దగ్గరికి రానిచ్చేది కాదు. దగ్గితే నెత్తురు పడుతోందని ఎవరైనా అంటే, "నా దగ్గర కూర్చుని టైము పాడుచేసుకోకు, హాస్పిటల్‌కి పో" అని గదమాయించి పంపేది.

కిందటేడు నుంచి చిన్న చిన్న తేడాలొచ్చాయి. చక్కెర వేసిన సీసాలోనే మళ్లీ చక్కెర వేసింది. పొయ్యి మీద గిన్నె మాడిపోయేదాకా మరిచిపోయింది. పక్కింటి దర్జీని పట్టుకుని, ఎప్పుడో పోయిన వాళ్ల నాన్న మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. నేను కళ్ల దోషమనుకున్నాను. మా వృత్తి బుద్ధి అంతే కదా, ఎవరు తడబడినా అద్దాలు మారిస్తే సరిపోతుందనుకుంటాం. షాపుకి తీసుకొచ్చి కూర్చోబెట్టి పరీక్ష చేయించాను. బోర్డు మీద అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది. "నీకంటే నాకే బాగా కనిపిస్తోంది, నువ్వే పెట్టుకో అద్దాలు" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఒకరి కళ్లు బాగున్నాయని తెలిసి ఈ షాపులో భయపడింది నేనొక్కదాన్నే అయుంటాను.

అయినా ఏమీ చెయ్యలేదు. ఎవరితో ఏమని చెప్తాను?

మొన్న చలికాలంలో అత్తయ్యని హాస్పిటల్లో చేర్చినప్పుడు, గుండె నీరసించిందని మీ తమ్ముడు మీకు ఫోన్ చేసి చెప్పాడు. అది సగమే నిజం. నీరసించిన మాట వాస్తవం. ఎందుకు నీరసించిందో చెప్పలేదు.

ఆ ఆదివారం చిట్టికి దగ్గు ఎక్కువగా ఉంది. అత్తయ్య పొద్దున్నే బుట్ట పట్టుకుని ఆకులు కోసుకొస్తానని వెళ్లింది. స్కూలు వెనక గోడ పక్కన పైన్ చెట్లుండేవి, మీకు గుర్తుండే ఉంటుంది, మీరు చిన్నప్పుడు కాయలు ఏరుకున్నది అక్కడే. వాటిని రోడ్డు కోసం కొట్టేసి చాలా కాలమైంది. ఆ చోట కంచెలాగా వేరే మొక్కలు పెట్టారు. పచ్చగా, సన్నటి ఆకులతో, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఎర్రటి కాయలు కాస్తాయి. అత్తయ్యకి చెట్టు ఉన్న చోటు గుర్తుంది. అక్కడ ఏముంటే అది కోసుకొచ్చింది.

నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. చిట్టి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. అత్తయ్య కషాయం కాచి, రెండు గ్లాసుల్లో పోసింది. ఆవిడ పద్ధతి మీకు తెలుసు. ఎవరికి ఏ మందు ఇచ్చినా ముందు తను తాగాలి, కాసేపు కూర్చోవాలి, ఒంట్లో సుఖంగా ఉందనిపిస్తేనే ఎదుటివాళ్లకి గ్లాసు అందించాలి. ఆ పద్ధతి మాత్రం మరిచిపోలేదు. తాగింది. కూర్చుంది.

"నానమ్మ గోడ ఊగుతోందంటోంది" అని చిట్టి పెరట్లోకి వచ్చి చెప్పింది, ఏదో ఆటలాగా. నేను వెళ్లేసరికి అత్తయ్య కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉంది. ముఖం నిండా చెమట. చెయ్యి పట్టుకుంటే నాడి దొరకలేదు, దొరికితే ఒకటి కొట్టి ఎక్కడికో వెళ్లిపోయి మళ్లీ వస్తోంది. బల్ల మీద చిట్టి గ్లాసు నిండుగా ఉంది. అంచు మీద పిల్ల వేలిముద్రలున్నాయి.

మీ తమ్ముడు ఆవిడని చేతుల మీద ఎత్తుకుని మిల్లు వ్యానులో పడుకోబెట్టాడు. నేను బుట్టలోంచి ఒక గుప్పెడు ఆకు రుమాల్లో కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో నాకే తెలియదు. దారిలో రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పైన్ వాసనే లేదు. పైన్ ఆకులు సూదుల్లా, మొదలు దగ్గర జంటగా అతుక్కుని ఉంటాయి కదా. ఇవి ఒక్కొక్కటిగా, దువ్వెన పళ్లలాగా కొమ్మకి రెండు వైపులా ఉన్నాయి. షాపులో రోజూ అద్దాల మీద గీతలు వెతికేదాన్ని, ఇంట్లో బుట్టలోకి తొంగి చూడలేదు.

డాక్టరమ్మ రుమాలు విప్పి చూసి, "ఇది పైన్ కాదు, యూ చెట్టు. ఆకు, గింజ అంతా విషమే, గుండెని పట్టేస్తుంది. ఎంత తాగారు?" అని అడిగింది. విరుగుడు లేదట. గుండె తనంతట తను తేరుకునేదాకా ఆసరా ఇస్తూ ఉండటమేనట. ఛాతీ నిండా వైర్లు పెట్టారు. ఇంకెవరైనా తాగారా అని డాక్టరమ్మ అడిగినప్పుడు మీ తమ్ముడు గోడకి చేరబడి నేల మీద కూర్చుండిపోయాడు. ఆయన అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

వదినా, మీ దగ్గర దాచను. ఆ రోజు నాకు ఆవిడ మీద జాలి రాలేదు. అద్దంలోంచి ఆ వైర్ల మధ్య ఆవిడని చూస్తూ, నా పిల్లని చంపేసేదే అనుకున్నాను. అంతే అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. ఆ తర్వాత కానీ అసలు సంగతి నా బుర్రకి ఎక్కలేదు. ముందు తను తాగే ఆ పద్ధతే లేకపోతే ఆ వైర్ల మధ్య ఎవరుండేవారో.

ఆవిడకి తెలివొచ్చిన రోజు నేనొక్కదాన్నే దగ్గరున్నాను. వార్డు కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. మనిషి బాగా తేటగా ఉంది, పాత అత్తయ్యే.

"ఆ గ్లాసేమైంది?" అంది.

"ఏ గ్లాసు అత్తయ్యా?"

"నాటకాలాడకు. చిట్టి గ్లాసు."

"తాగలేదు. పారబోశాను."

ఎండ పడకుండా ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత, "డాక్టరమ్మ నాకు ఆకు చూపించింది. దాన్ని నేనే కోశానా?"

"అవునత్తయ్యా. స్కూలు వెనక గోడ దగ్గర."

"అక్కడ ఉన్నవి పైన్ చెట్లు కదా."

"కొట్టేశారు. ఆ రోజు మీరు భోజనం కూడా చెయ్యలేదు. చెట్లని నరికినవాళ్లని నోటికొచ్చినట్టు తిట్టారు."

"నేనా?" అంది. వదినా, ఆ "నేనా" అన్నప్పుడు ఆవిడ ముఖం మీకు ఎలా చెప్పను. పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసే మనిషిలా ఉంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్లగానే గదికి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. నేను అడుగుతాను. అడిగినా ఇవ్వకు. తిడతాను, ఏడుస్తాను, నీ మొగుడితో చెప్పిస్తాను. ఇవ్వకు."

"సరే అత్తయ్యా."

"సరే అని తేలిగ్గా అనకు. నా నోరు సంగతి నీకు తెలుసు."

"ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాగా."

నవ్వింది. నవ్వితే వైర్లు కదిలి మిషను కూత పెట్టింది, నర్సు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ మందలించింది. నర్సు వెళ్లాక అత్తయ్య గోడ వైపు తిరిగి, "పెద్దదానికి మాత్రం చెప్పకు. నన్ను ఇంకా డాక్టరనుకునేది అదొక్కతే" అంది.

పెద్దది అంటే మీరే.

అదీ నేనిచ్చిన మాట. తర్వాత మతిమరుపు జబ్బులు చూసే డాక్టరుకి కూడా చూపించాం. ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదు, మెల్లగా నడిచే జబ్బు అన్నాడు. అత్తయ్యకి హాస్పిటల్ గుర్తుంది, గుండె గుర్తుంది, ఆకు సంగతి గుర్తులేదు. నా చేత మాట తీసుకున్న సంగతి అసలే గుర్తులేదు. తాళం చూసినప్పుడల్లా అప్పుడే కొత్తగా చూసినట్టు మండిపడుతుంది. నేను ఇవ్వను. ఆవిడ చెప్పినట్టే అడుగుతుంది, తిడుతుంది, ఏడుస్తుంది. మీ తమ్ముడితో చెప్పిస్తుంది. ఆయన వచ్చి నా ముందు నిలబడి ఒక్క మాటా అనకుండా వెళ్లిపోతాడు. అప్పుడప్పుడు పెరట్లో పొట్టు దులుపుకుంటున్నట్టు చొక్కాతో కళ్లు తుడుచుకుంటాడు.

అలాగని గది పూర్తిగా మూసెయ్యలేదు. ఆదివారాలు తాళం తీసి, ఇద్దరం కలిసి కూర్చుంటాం. లోపలికి ఆకు ఏదీ రానివ్వను, తాగేది ఏదీ కాచనివ్వను. మీ తమ్ముడు మిల్లులో దుంగల మీద కారిన జిగురు గీకి తెస్తాడు. అత్తయ్య దాన్ని నూనెలో సన్న సెగ మీద కరిగిస్తుంది, గుడ్డలో వడకడుతుంది, తేనె మైనం వేసి కలుపుతుంది. నేను పక్కనే ఉండి పొయ్యి చూసుకుంటాను. ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు. గోరు మీద ఒక చుక్క వేసుకుని, గడ్డకట్టిన తీరు చూసి, ఇంకొంచెం మైనం పడాలంటుంది. ఎప్పుడూ సరిగ్గానే చెప్తుంది. మీకు పంపుతున్న మలాం అలా చేసిందే. అది ఒంటి మీద రాసుకునేది, భయం లేదు. ముందు నా చేతి మీద రాసుకుని చూశాకే డబ్బాకి మూత పెట్టాను. ఆ పూట మేమిద్దరం అత్తాకోడళ్లలాగా కాక, ఒకే షాపులో పనివాళ్లలాగా ఉంటాం. గదిలోంచి బయటికొచ్చి, నేను తాళం వేస్తుంటే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు మీరు రావాలి వదినా. వచ్చి మీ అమ్మని తీసుకెళ్లాలనిపిస్తే నేను అడ్డురాను. మీకు నాకంటే ఎక్కువ హక్కుంది. కానీ అక్కడ కూడా ఒక గదికి తాళం వెయ్యాల్సింది మీరే. కన్నకూతురు వేసిన తాళం ఆవిడ తట్టుకోలేదని నాకనిపిస్తోంది. కోడలు వేస్తే దానికి ఒక అర్థం ఉంది, వీధిలో అందరికీ తెలిసిన కథే. ఆవిడకీ ఆ కథ సులువు. అందుకే ఇక్కడే ఉండనివ్వమని అడుగుతున్నాను. మీరు ఉండగలిగినన్నాళ్లు ఉండి, ఆదివారం గదిలో ఆవిడ పక్కన కూర్చోండి. జిగురు ఎలా కాచాలో నేర్పమని అడగండి. మీకు నేర్పుతుంటే ఆవిడ ఎంత పొంగిపోతుందో చూద్దురుగాని.

ఒక్కటి మాత్రం బతిమాలుకుంటున్నాను. మీకు నేను చెప్పానని ఆవిడకి తెలియనివ్వకండి. ఆవిడ మీ దగ్గర నా మీద చాడీలు చెప్తుంది, తాళం చూపిస్తుంది. అప్పుడు నా పక్షం మాట్లాడకండి. ఆవిడ ఎదుటే నన్ను నాలుగు మాటలు అనండి, గట్టిగానే అనండి. నేను తల వంచుకుని ఊరుకుంటాను. తప్పంతా నాదేనని నమ్మినంతసేపు, తనకి ఏమీ కాలేదని ఆవిడ నమ్ముతుంది.

మా ఓనరు చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, ఇక ఆపుతాను. అన్నయ్యగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. చేతులకి మలాం రాసుకోవడం మానకండి.

ఇట్లు,
మీ మాటలు పడటానికి సిద్ధంగా ఉన్న
మీ మరదలు